సెక్షన్ 229 గారికి (పాత నంబరు 193) ఒక హోస్టైల్ సాక్షి రాసుకునే ఉత్తరం

దొంగసాక్ష్యానికి శిక్ష వేసే 229 గారూ, నమస్కారం.

ఏ నంబరుతో పిలిస్తే పలుకుతారో తెలీక పైన రెండూ రాశాను, ఏమనుకోకండి. మా ఊరి కోర్టు దగ్గర ప్లీడరు గుమాస్తాలు ఇప్పటికీ మిమ్మల్ని 193 అనే అంటారు. 1860లో శిక్షాస్మృతిలో పుట్టారు, 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో కొత్త నంబరుతో తిరుగుతున్నారు. మా కజిన్ ఒకడు కలిసిరావట్లేదని పేరులో ఇంకో అక్షరం కలుపుకున్నాడు, మీదీ అలాంటిదేమో అని నేనూ కూర్చుని లెక్కేశాను. ఒకటీ తొమ్మిదీ మూడూ కలిపితే 13. రెండూ రెండూ తొమ్మిదీ కలిపితే 13. ఈమాత్రం దానికి బోర్డు మార్చడం ఎందుకండీ?

కాగితం మీద మాత్రం మీరు పులి. కోర్టులో దొంగసాక్ష్యం చెప్తే ఏడేళ్ల దాకా జైలు, పైన పదివేల దాకా జరిమానా. మీ పక్కింటి 230 ఇంకా భయంకరం, దొంగసాక్ష్యం వల్ల అమాయకుడికి ఉరి పడి అది అమలైపోతే ఆ సాక్షికి కూడా ఉరి వేయొచ్చట. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తర్వాత ఒక లాయరు ఫ్రెండు చెప్పాడు, 229 బెయిలబుల్ రా బాబూ, వారెంట్ లేకుండా పోలీసులు అరెస్టు కూడా చేయలేరు అని. అప్పుడు పట్టింది.

అసలు మీకూ నాకూ పరిచయం ఎలా అయిందో చెప్పాలి. సెల్‌ఫోన్ పోయిందని కంప్లైంట్ ఇవ్వడానికి స్టేషన్‌కి వెళ్లాను. అక్కడ ఒకాయన "సార్, చదువుకున్నోళ్లలా ఉన్నారు, ఇక్కడో సంతకం పెట్టి వెళ్లండి, ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. కాగితం తెల్లగా ఉంది. నా కంప్లైంట్ వాళ్ల చేతిలో ఉంది. పెట్టాను. ఫోన్ దొరకలేదు కానీ నాలుగేళ్ల తర్వాత సమన్లు దొరికాయి. నేను ఒక దొంగతనం కేసులో మధ్యవర్తినట, అంటే పోలీసులు ఏదైనా పట్టుకునేటప్పుడు చూసి సంతకం పెట్టే సాక్షినట, ముద్దాయి దగ్గర మూడు బైకులు పట్టుకుంటుంటే నేను పక్కనే నిలబడి చూశానట, పంచనామాలో నా పేరు, తండ్రి పేరు, కులం, వృత్తి అన్నీ కరెక్టుగానే ఉన్నాయి, నేను అక్కడ లేకపోవడం ఒక్కటే తేడా.

వాయిదా రోజు కోర్టు కానిస్టేబుల్ వేపచెట్టు కింద టీ ఇప్పించి పంచనామా కాపీ చేతిలో పెట్టాడు, "ఒకసారి చదువుకోండి సార్, మర్చిపోయుంటారు" అని. చూడనిది మర్చిపోవడం ఎలాగో నాకు అర్థం కాలేదు. రెండో మధ్యవర్తి పెద్దాయన, ఆయనకి కాపీ కూడా అక్కర్లేదు. బోనెక్కి బండి రంగు, నంబరు, టైము, ముద్దాయి వేసుకున్న చొక్కా అన్నీ ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేశాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, ఆయనది వెల్డింగ్ చేసినట్టుంది. క్రాస్‌లో డిఫెన్స్ లాయరు "ఇప్పటిదాకా ఎన్ని కేసుల్లో సాక్ష్యం చెప్పారు?" అనడిగితే మాత్రం "గుర్తు లేదండి" అన్నాడు.

తర్వాత నా వంతు. సినిమాల్లోలా భగవద్గీత తెస్తారని ఎదురుచూశాను, తేలేదు. 1969 ప్రమాణాల చట్టంలో పుస్తకం ఊసే లేదట, దేవుడి మీదో అంతరాత్మ మీదో ఒక వాక్యం చెప్పించి పని కానిస్తారు. సరే ప్రమాణం చేశాను కదా అని జరిగింది జరిగినట్టు చెప్పాను, నేనక్కడ లేను, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నారు అని. పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, నావైపు అల్లుడు అలిగినప్పుడు మామ చూసినట్టు చూసి, జడ్జిగారి పర్మిషన్ తీసుకుని, నన్ను హోస్టైల్ చేసేశారు! అప్పజెప్పిన పెద్దాయన మంచి సాక్షి, నేను ఎదురుతిరిగిన సాక్షి. మీరు ఆ గోడల మధ్యే ఎక్కడో ఉన్నారు కదా, ఒక్క దగ్గు కూడా దగ్గలేదేంటండీ?

(తెల్లకాగితం మీద సంతకం పెట్టడం నా తప్పేనని నాకూ తెలుసు. దొంగ ఆధారాలు తయారుచేయడం అనే 228 గుమ్మం దాకా నేనూ వెళ్లొచ్చినట్టే. ఈ మాట ఎవరికీ చెప్పకండి.)

మీ ఇబ్బంది కూడా కనుక్కున్నాను లెండి. మిమ్మల్ని నిద్రలేపే అలారం మీ చేతిలో లేదు. అబద్ధం వల్ల నష్టపోయినవాడు నేరుగా వెళ్లి మీ కింద కేసు వేయడానికి లేదు, ఏ కోర్టులో అబద్ధం చెప్పారో ఆ కోర్టే ఫిర్యాదు రాయాలి. ఇది మీ చట్టంలోది కాదు, విచారణ పద్ధతులు చెప్పే చట్టంలో పాత 340, ఇప్పటి 379. మనం పిటిషన్ పెట్టుకోవచ్చు, కోర్టువారు కావాలనుకుంటే విచారణ చేసి, న్యాయం దృష్ట్యా ఇది అవసరమే అనుకుంటే రాతపూర్వకంగా మేజిస్ట్రేటుకి పంపాలి, ఆ ఆర్డరు మీద మళ్లీ అప్పీలు ఉంటుంది, అసలు కేసు అప్పీల్లో ఉంటే ఈ కేసు వాయిదా వేసుకోవచ్చు. అంటే ఒక అబద్ధం మీద కేసు తేలేసరికి ఆడినవాడికి మనవళ్లు పుడతారు. 2000లో పంజాబ్ నుంచి వచ్చిన ఒక హత్యకేసులో సుప్రీంకోర్టే వాపోయింది, కోర్టుల్లో దొంగసాక్ష్యం జీవన విధానం అయిపోయిందని, జడ్జికి అది అబద్ధమని తెలిసినా ఫిర్యాదు మీద తనే సంతకం పెట్టాల్సి వస్తుందని వెనకాడుతున్నారని. తర్వాత చట్టం సవరించి వేరే ఆఫీసరుతో కూడా సంతకం పెట్టించొచ్చు అన్నారు. పెన్ను మారింది, అంతే. ఆ మధ్య దేశమంతా మాట్లాడుకున్న, గుజరాత్ అల్లర్ల నాటి బెస్ట్ బేకరీ కేసులో మాట మార్చిన ముఖ్య సాక్షికి 2006లో సుప్రీంకోర్టు ఏడాది జైలు వేసింది కదా, అదైనా మీ అకౌంట్‌లో పడిందా అంటే అదీ లేదు, కోర్టు ధిక్కారం కింద పడింది.

మీకు అసలు పోటీ ఎవరో తెలుసా? శుక్రాచార్యులవారు. బలి చక్రవర్తికి ఆయన చెప్పిన లిస్టు మా తెలుగువాళ్లకి చిన్నప్పటి నుంచీ నోటికొచ్చు, ఆడవాళ్ల దగ్గర, పెళ్లి విషయంలో, ప్రాణం, డబ్బు, పరువు పోయేటప్పుడు, గోబ్రాహ్మణులని కాపాడేటప్పుడు బొంకినా పాపం లేదని. కొంచెం లెక్క చూడండి. పెళ్లి గొడవ ఫ్యామిలీ కోర్టు, ప్రాణం సెషన్స్ కోర్టు, డబ్బు సివిల్ కోర్టు, పరువు పరువునష్టం దావా. మీకు మిగిలిన కోర్టేది? నెలకి రెండు లక్షల జీతగాడు మెయింటెనెన్స్ కేసు రాగానే "ఉద్యోగం పోయింది, అమ్మ పెన్షన్ మీద బతుకుతున్నాను" అని అఫిడవిట్ వేసేది ఆ ధైర్యంతోనే. బలి ఆ సలహా వినలేదు, పాతాళానికి వెళ్లాడు, మావాళ్లు కథలో ఆ ముక్క బాగా గుర్తుపెట్టుకున్నారు.

అలాగని మావాళ్లకి భయం లేదనుకోకండి. చిత్తూరు జిల్లా కాణిపాకం తీసుకెళ్లి, కోనేట్లో ముంచి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబెట్టి ఇప్పుడు చెప్పమనండి, బోనులో గంటసేపు గుక్క తిప్పుకోకుండా చెప్పినవాడు అక్కడ నీళ్లు నములుతాడు. ఆ స్వామికి ప్రాథమిక విచారణ లేదు, అప్పీలు లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. మా లీడర్లు కూడా గొడవొస్తే "దమ్ముంటే కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం" అనుకుంటారు గానీ "దమ్ముంటే 229కి రా" అని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు, మీరు గమనించారో లేదో.

మొన్న ఆ రెండో మధ్యవర్తి బస్టాండులో కనిపించాడు. కేసు కొట్టేశారట. నన్ను గుర్తుపట్టి టీ తాగించాడు. "మీకు అలవాటు లేదు సార్, మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది" అని ఓదార్చాడు కూడా. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు, అర్జెంటుగా వెళ్లాలన్నాడు, పదిన్నరకి కోర్టులో పని ఉందట.

ఇట్లు,
పి.డబ్ల్యూ. 3 (ప్రాసిక్యూషన్ వారి మూడో సాక్షి)

చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నాను. నేను అబద్ధపు సాక్ష్యం చెప్తున్నానంటే నిజం కాదు.