తీసుకునేవాళ్లు దొరకట్లేదు, ఎవరైనా పట్టించుకోండి

డిసెంబర్ మూడో వారం దాటిందంటే వైజాగ్‌లో ఒక పెద్ద సంక్షోభం మొదలవుద్ది, దీని గురించి పేపర్లూ రాయవు, మన కార్పొరేషన్ జీవీఎంసీ కూడా పట్టించుకోదు. దానం చేద్దామంటే తీసుకునే మనిషి దొరకడు. క్రిస్మస్ నుంచి కనుమ దాకా ఊర్లో ఉన్న వాకర్స్ క్లబ్బులూ, పదో తరగతి పాత బ్యాచ్ గ్రూపులూ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లూ అన్నీ ఒకేసారి దయతో బయల్దేరతాయి, అందరూ వెళ్లేది ఆ ఆర్కే బీచ్‌కే, అందరి చేతుల్లోనూ దుప్పట్లే. కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లు ఎంతమంది ఉంటారండీ అసలు? పదింటికి ఒక బ్యాచ్ లేపి దుప్పటి కప్పుద్ది, ఫొటో సరిగ్గా రాలేదని మళ్లీ తీసి మళ్లీ కప్పుద్ది, పదకొండున్నరకి ఇంకో బ్యాచ్ వచ్చి లేపుద్ది. "నన్ను తొంగోనీరేటి బాబూ" అన్నాడట ఒక పెద్దాయన. కృతజ్ఞత అనేది సమాజంలో ఎంత తగ్గిపోయిందో చూడండి.

పైగా మన ఊరి చలి సంగతి తెలిసిందే, రాత్రిపూట ఇరవై డిగ్రీలకి కాస్త అటూ ఇటూ, ఫ్యాన్ ఒకటో నంబర్ మీద పెట్టుకుని పడుకునే చలి. నిజం చలి ఎక్కడుందంటే చింతపల్లి దగ్గర లంబసింగిలో ఉంది, అక్కడ ఈ సీజన్లో టెంపరేచర్ ఒక్కంకెలోకి పడిపోద్ది. అక్కడికి మనం వెళ్లం అనుకోకండి, వెళ్తాం, వీకెండ్‌కి వెళ్తాం, జాకెట్లు వేసుకుని టెంట్లు అద్దెకి తీసుకుని, వంజంగిలో మేఘాలు చూసి, ఇంటి ముందు నెగడు వేసుకుని వణుకుతూ కూర్చున్న పిల్లల్ని "భలే సింపుల్ లైఫ్ కదా" అని వీడియో తీసి, ఘాట్ రోడ్డు దిగొచ్చి సముద్రం ఒడ్డున దుప్పట్లు పంచుతాం. అక్కడే పంచొచ్చుగా అని కొందరు అడుగుతారు. సిగ్నల్ ఉండాలి కదండీ.

సిగ్నల్ లేకపోతే ఏమవుద్దో 2014లో చూశాం. అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టింది, కరెంటు పోయింది, టవర్లు పడ్డాయి, ఫోన్లు చచ్చాయి. బోరూ జనరేటరూ ఉన్న ఇంటివాళ్లు వీధి వీధంతటికీ నీళ్లు పట్టి ఇచ్చారంటారు, గ్యాస్ ఉన్నవాళ్లు పక్కింటికి కూడా అన్నం వండేశారంటారు. ఫొటో ఏదీ? ఒక్కటీ లేదు. కాబట్టి ఆ వారం ఈ ఊర్లో దానం ఏమీ జరగలేదనే నేను పరిగణిస్తున్నాను.

ఇక రక్తం ఇవ్వండి అనే బ్యాచ్ ఒకటుంది, వాళ్లతో నాకు మొదట్నుంచీ పేచీ. దుప్పటి అయితే నలుగురూ నాలుగు అంచులు పట్టుకుని నిలబడొచ్చు, రక్తం ఒక్కడే పడుకుని ఇవ్వాలి, ఆ యాంగిల్లో పొట్ట తప్ప ఏమీ కనబడదు. సంక్రాంతికి ఆంధ్రా యూనివర్సిటీ హాస్టళ్లు ఖాళీ అయిపోతాయి, కాలేజీలకి సెలవులు, క్యాంపులు పెట్టేవాళ్లూ ఊర్లకి పోతారు, తలసీమియా ఉన్న పిల్లలకి మాత్రం రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, ఆ జబ్బుకి పండగలు తెలీవు. మొన్న హీరోగారి బర్త్‌డేకి కుప్పలుగా ఇచ్చేశాం కదా అన్నామనుకోండి, అది 35 రోజులు, మహా అయితే 42 రోజులే నిలవుంటదట, ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులేనట. అంటే ఎప్పుడు ఇవ్వాలో తీసుకునేవాళ్ల అవసరాన్ని బట్టి ఉంటదన్నమాట. ఇదెక్కడి న్యాయం, ఇచ్చేది మనం కదా!

పాత బట్టల దగ్గరా అదే పొగరు. భోగి మంటలో వేస్తే కంపు కొడతాయని పక్కన పెట్టినవన్నీ మూటకట్టి తీసుకెళ్లి ఇస్తే, పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కలాసీ పెళ్లినాటి షేర్వాణీ వద్దన్నాడు. జరీ కూడా పోలేదండీ దానికి.

సరే, బయటివాళ్లు ఇలా ఉన్నారు, సొంతవాళ్లకే చేద్దాం అనుకుంటే అక్కడ ఇంకా కష్టం. మా వాచ్‌మన్ దుప్పట్లు అడగడు, పండక్కి ముందు జీతం ఒక వెయ్యి పెంచమంటాడు. వాళ్లావిడ మా ఫ్లాట్లలోనే అంట్లు తోముద్ది, పండక్కి ఊరెళ్తే ఆ రోజులకి జీతం కట్ చెయ్యాలా వద్దా అని గ్రూపులో అర్ధరాత్రి దాటేదాకా చర్చ, ఒక రిటైర్డ్ ఆఫీసర్ గారైతే "ఈసారి వదిలేస్తే అలవాటైపోతుంది" అని పాయింట్ లేవదీశారు, దానికి వరసగా లైకులే లైకులు. అదే గ్రూపులో దుప్పట్లకి డబ్బులు అడిగితే టీ చల్లారేలోపు ఫోన్‌పేలో పడిపోయాయి. దీంట్లో తేడా ఏంటని అమాయకులు అడుగుతారు. దుప్పటి ఇస్తే దండం పెడతారు, జీతం పెంచితే "నాను పని చేసాను, తమరిచ్చినారు" అంటాడు, అందులో పుణ్యం ఎక్కడ మిగిలిందండీ? దుప్పట్ల బేళ్లు సెల్లార్ నుంచి మోసి కారులో పెట్టింది మాత్రం అతనే, అందుకు గ్రూపులో ఒక నమస్కారం బొమ్మ పెట్టాం.

అందుకని అసోసియేషన్ తరఫున సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్ గారికి అర్జీ ఇవ్వాలని తీర్మానించాం. బీచ్‌లో దానాలకి తిరుమల దర్శనం లాగా స్లాట్లు పెట్టాలి, తీసుకునేవాళ్లకి టోకెన్లు ఇవ్వాలి, వెలుతురు బాగుండే సాయంత్రం స్లాట్ అపార్ట్‌మెంట్లకి రిజర్వ్ చెయ్యాలి, ఒక మనిషికి ఒక రాత్రికి రెండు దుప్పట్లు మించకుండా చూడాలి. టైపింగ్ అయిపోయింది, సంతకాలు అయిపోయాయి. తీసుకెళ్లి ఇచ్చి రావాల్సిన వాచ్‌మన్ మాత్రం పండక్కి పాలకొండ వెళ్లాడు, జీతం కట్ అని చెప్పే పంపాం, ఇప్పుడు మధ్యలో రమ్మంటే ఆ ఒక్కరోజుకీ డబ్బులు ఇవ్వాలా అని గ్రూపులో మళ్లీ చర్చ మొదలైంది.