ఫోనుతో పై నుంచి వంట వీడియో తీయడమంటే ఇంత యాతనా?

"పై నుంచి షూట్ చేసుకోవచ్చు" అని అంటగడతారు ఆ వంకర మెడ స్టాండు. 200 గ్రాముల ఫోను పెట్టగానే మెల్లగా తల వాల్చేస్తుంది! పైగా దాన్ని బిగించేది కూరగాయలు తరిగే బల్లకే. కత్తి పడ్డప్పుడల్లా ఫ్రేమంతా ఊగదూ మరి?

పోనీ ట్రైపాడ్‌కి అడ్డ కడ్డీ తగిలిద్దామంటే మొత్తం ముందుకి తూలుతుంది. కడ్డీ సరిగ్గా ఒక కాలి మీదుగా పోవాలి, రెండో కొసకి కిలో ఇసుక సంచి వేలాడదీయాలి. ఈ ముక్క ఏ డబ్బా మీదైనా రాశారా?

ఇక ఫోను తెలివి! నేలచూపు చూస్తే దానికి అడ్డమేదో నిలువేదో తెలీదు. ఎడిటింగ్‌లో చూస్తే గిన్నె తలకిందులు. ముందు అడ్డంగా నిలబెట్టి, రికార్డు నొక్కి, అప్పుడు కిందికి వంచాలి. చెయ్యి ఫ్రేములోకి రాగానే ఫోకస్ దాని వెంటే పరుగు, వెలుగేమో పెరుగుతూ తగ్గుతూ. గిన్నె అంచు మీద వేలు నొక్కి పట్టి ఏఈ (వెలుగు), ఏఎఫ్ (ఫోకస్) రెండూ మారకుండా లాక్ చెయ్యాలి. మళ్లీ తెర తాకారో, లాక్ గోవిందా.

ఎల్‌ఈడీ బల్బు కింద తీస్తే వీడియోలో చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి తగ్గట్టే బల్బు మినుకుతుంది; అందుకే షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం) 1/50 సెకను గానీ 1/100 గానీ పెట్టాలి. అదేమో మామూలు కెమెరా యాప్‌లో చాలా ఫోన్లకి కనిపించదు, ఎందుకు దాస్తారో! లైటుకి కింద ఫ్యాను తిరుగుతుంటే రెక్కల నీడ టపటపా. ఆపేస్తే చెమట.

అన్నీ కుదిరి పోపు చిటపటలాడే క్షణంలో... "సార్, పర్సనల్ లోన్ కావాలా?" ఫ్లైట్ మోడ్ పెట్టండి బాబూ, ముందే!