సవరణ: తన పేరున లేని షేర్లు అమ్మితే

పోయిన వారం నేను రాసినదాంట్లో ఒక వాక్యం తప్పు. ‘అమ్మేవాడి పేరున షేర్లు లేకపోతే ఆ ఒప్పందం చిత్తుకాగితమే’ అన్నాను. బరంపురం నుంచి ఒకాయన అడిగిన ప్రశ్నకు ఇచ్చిన జవాబది. తమ్ముడి పేరున ఉన్న ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ షేర్లను అన్న అమ్మజూపి, ఈయన దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నాడు. పర్లాకిమిడిలో ప్లీడరుగా ఉన్న మా బావగారు చదివి, ‘హక్కునీ ఒప్పందాన్నీ కలగలిపేశావేమిటోయ్’ అని ఫోన్ చేశారు.

నిజమే, కలిపేశాను. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం లెక్కలో షేర్లూ సరుకే. తనకు లేని హక్కును అమ్మేవాడు ఇంకొకరికి ఇవ్వలేడని 27వ సెక్షన్ చెబుతుంది, కొన్ని మినహాయింపులతో. కాబట్టి అన్న సంతకంతో షేర్లు ఈయనవి కావు. అంతవరకూ నేను రాసింది సరే.

కానీ ఇకమీదట సంపాదించబోయే సరుకు అమ్మకానికీ ఒప్పందం చేసుకోవచ్చని 6వ సెక్షన్ అంటుంది. అలాంటి సరుకును ‘ఇప్పుడే అమ్మేశాను’ అని రాసినా, అది అమ్ముతానన్న ఒప్పందంగా నిలుస్తుంది. తమ్ముడిని ఒప్పించి షేర్లు తెచ్చివ్వడం అన్నగారి తలనొప్పి. తేలేకపోతే అడ్వాన్సు వాపసు అడగొచ్చు, 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కింద నష్టపరిహారమూ అడగొచ్చు. తమ్ముడి మీదికి మాత్రం వెళ్లలేరు, ఆయన ఏ మాటా ఇవ్వలేదు కదా.

కాగితం రూపంలోనే బదిలీ చేయదగ్గ షేర్లయితే, అందుకు వాడే ఎస్‌హెచ్-4 ఫారం మీద తమ్ముడే సంతకం చేయాలి. అది సంతకం చేసిన 60 రోజుల్లో కంపెనీకి చేరాలి.

బరంపురం ఆయనకు విడిగా కబురు పెట్టాను. అడ్వాన్సు రసీదు పారేయలేదట, బతికించాడు.