సగం ధర 65 అంగుళాల టీవీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 65 అంగుళాల 4కే స్మార్ట్ టీవీ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. దసరా సేల్ మొదలైన దగ్గర్నుంచి ఫోను తెరిస్తే తమరే. పైన 99,999 అని వేసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద 36,999 అని ఎర్రక్షరాల్లో వేయించుకున్నారు. కొట్టేసిన ఆ ధరకు తమరిని ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా అని మేం అడగం. ఎం.ఆర్.పి. అంటే అంతకు మించి అమ్మకూడదని గీసిన గీతే తప్ప, అంతకు అమ్ముడుపోయినట్టు సాక్ష్యం కాదు కదా. పైగా తగ్గింపులో కొంత ఘనత తమరిది కానే కాదు. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ లెక్కన బిల్లు దాదాపు 8 శాతం తనంతట తనే తగ్గాలి. దాన్ని కూడా ‘పండగ కానుక’ ఖాతాలో వేసుకోవడం తమరి పెద్దమనసు.

అసలు సంగతికొస్తాం. 65 అంగుళాల ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే పలక, ఏ కంపెనీ కొన్నా ఖరీదే. దాన్ని ఈ ధరకు ఇవ్వాలంటే మిగతా చోట్ల ఎక్కడో కొయ్యాలి. ఎక్కడ కోశారో తమరు చెబితే కొనాలో వద్దో మేమే తేల్చుకునేవాళ్లం. చెప్పరు కనక, తమరి ఒంటి మీది కుట్లు మేమే వెతుక్కోవాల్సి వచ్చింది.

మొదటి కోత వెలుతురులో పడింది. పెట్టె మీద క్యూఎల్ఈడీ అని రాసుకున్నా లోపల తమరు ఎల్సీడీయే. రంగులు కాస్త చిక్కగా కనిపించడానికి ఒక క్వాంటమ్ డాట్ పొర వేశారు, అంతే. వెలుగు వెనకున్న ఎల్ఈడీ స్ట్రిప్పుల నుంచే రావాలి. తమ తరగతి టీవీల్లో అది 250, 300 నిట్ల (నిట్ అంటే తెర వెలుగుకు కొలత) దగ్గర ఆయాసపడి ఆగిపోతుంది. పెట్టె మీద హెచ్‌డీఆర్ (వెలుగుకూ చీకటికీ తేడా బాగా చూపే పద్ధతి) అని కూడా ఉంది. ఆ పద్ధతి సినిమాలను 1000 నిట్లకు, కొన్నింటిని 4000కు తగ్గట్టు తయారు చేస్తారు. ‘హెచ్‌డీఆర్ సపోర్ట్’ అంటే ఆ సిగ్నల్ అందుకుంటానని మాటిచ్చారే గానీ, చూపిస్తానని ఎక్కడా అనలేదు. చీకటి ఉన్నచోట వెనక లైట్లు ఆర్పే లోకల్ డిమ్మింగ్ కూడా లేదాయె. బాల్కనీ తలుపు ఎదురుగా ఉన్న హాల్లో మధ్యాహ్నం పూట సినిమాలో రాత్రి సీను వచ్చిందంటే, తెర మీద కనిపించేది హీరో కాదు, సోఫాలో కూర్చున్న మనమే.

ఆ వెలుతురు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఇంకో కథ. ఖర్చు తగ్గించాలని ఎల్ఈడీలు తక్కువ పెట్టి, ఒక్కోదాని మీద వెలుగును పరిచే చిన్న ప్లాస్టిక్ లెన్స్ అంటిస్తారు. తక్కువ బల్బులతో ఎక్కువ వెలుగు పిండాలి కాబట్టి కరెంటు గట్టిగా తోస్తారు. వేడికి జిగురు వదిలి ఏ లెన్స్ ఊడిపోయినా అక్కడ తెల్లటి గుండ్రటి మచ్చ పడుతుంది. ఎల్ఈడీలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. ఒకటి తెగితే వరసంతా ఆరిపోతుంది. మాట వినపడుతూ బొమ్మ రాకపోతే గదిలో లైటు ఆపి తెర మీదకు టార్చి కొట్టి చూడాలి. బొమ్మ మసగ్గా కదులుతుంటే ప్యానెల్ బతికే ఉంది, పోయింది బ్యాక్‌లైట్. స్ట్రిప్పుల ధర పెద్దగా ఉండదు. వాటిని చేరాలంటే మాత్రం ముందున్న ప్యానెల్‌ను ఇద్దరు మనుషులు నాలుగు మూలలా పట్టుకుని ఎత్తాలి. “విప్పేటప్పుడు పగిలితే మా బాధ్యత కాదు” అని మెకానిక్ ముందే చెప్పేస్తాడు. అతనిది తప్పు కాదు. అందుకే తమరు ఇంటికొచ్చిన రోజునే ‘వివిడ్’ మోడ్ నుంచి దింపి, బ్యాక్‌లైట్‌ను 100 నుంచి 60, 70కి తగ్గిస్తాం. కాస్త చిన్నబోతారేమో, ఆయుష్షు మాత్రం పెరుగుతుంది.

‘మోషన్ 120’ అనే బిరుదు కూడా చూశాం. ప్యానెల్ నిజంగా కొట్టేది 60 హెర్ట్జే, అంటే సెకనుకు 60 సార్లే బొమ్మ మారుస్తుంది. స్పెసిఫికేషన్లలో ‘రిఫ్రెష్ రేట్’ అన్న వరస చూస్తే గుట్టు తెలిసిపోతుంది. కేబుల్ గుచ్చే పోర్టు మీది హెచ్‌డీఎంఐ 2.1 అన్న మాటా అంతే. ఆ పేరు పెట్టుకున్నంత మాత్రాన 4కే బొమ్మ సెకనుకు 120 ఫ్రేములు ఆడాలని నియమమేమీ లేదు. ఇంట్లో గేమింగ్ కన్సోల్ ఉన్నవాళ్లు తప్ప మిగతావారు దీని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ఇక అంగుళాలు. న్యాయంగా చెప్పుకోవాలంటే తమరు నిజం చెప్పిన విషయం ఇదొక్కటే. మూల నుంచి మూలకు 165 సెంటీమీటర్లు, వెడల్పు 144, ఎత్తు 81. కంటికి, తెరకు మధ్య ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర అడుగులుంటే ఈ సైజు చక్కగా నప్పుతుంది. మామూలు డబుల్ బెడ్రూం ఫ్లాటు హాల్లో సోఫా గోడకు ఆనించి కూర్చుంటే వచ్చే దూరం కూడా దాదాపు అంతే. ఎనిమిదిన్నర దాటాక మాత్రం 4కేకీ ఫుల్ హెచ్‌డీకీ తేడా పట్టడం మామూలు చూపుకు కష్టం.

ఆ తెర మీద ఏం ఆడిస్తామన్నదే చిక్కు. ఇంట్లో పెద్దవాళ్లు చూసే సీరియల్ హెచ్‌డీ ప్యాక్ లేని కేబుల్లో వస్తే, మహా అయితే అడ్డం 720, నిలువు 576, వెరసి 4,14,720 చుక్కలు. తమరి తెర మీద 82,94,400 చుక్కలున్నాయి. సరిగ్గా 20 రెట్లు! గ్లాసెడు పాలలో 19 గ్లాసుల నీళ్లు పోసి ఇరవై మందికి పంచినట్టు, ఒక్క చుక్కనే ఇరవైగా సాగదీసి చూపించాలి. ఆ సాగదీసే పని చేసే చిప్పులో కూడా తమరు పొదుపు పాటించారు. పాత 32 అంగుళాల టీవీలో నున్నగా కనిపించిన అత్తగారి మొహం తమరిలో మైనపుబొమ్మలా తేలుతుంది. షోరూంలో ఆడే చిలకల, జలపాతాల వీడియో చూసి మురిసిపోకుండా, “బాబూ, ఒక మామూలు న్యూస్ ఛానెల్ పెట్టు, పిక్చర్ మోడ్ స్టాండర్డ్‌లోకి మార్చు” అని అడిగితే తమరి అసలు రూపం అక్కడే బయటపడుతుంది.

‘స్మార్ట్’ సంగతి త్వరగా ముగిస్తాం. ర్యామ్ ఒకటిన్నర జీబీ ఉంటే రిమోట్ నొక్కి మంచినీళ్లు తాగి రావచ్చు. గూగుల్ టీవీ లైసెన్సు లేకుండా ఉత్త ఆండ్రాయిడ్ వేసి, “యాప్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండి సార్” అని సేల్స్‌మన్ అంటే జాగ్రత్త పడాలి. వైడ్‌వైన్ ఎల్1 (సినిమా కాపీ కాకుండా వేసే తాళం) ధ్రువీకరణ లేని పెట్టెలో ఓటీటీ సినిమా హెచ్‌డీలో కూడా రాకపోవచ్చు. అయినా ఈ ఒక్క లోటు చూసి తమరిని తిరగ్గొట్టం. ఐదారు వేలు పెట్టి యాప్‌లు ఆడించే ఒక స్ట్రీమింగ్ స్టిక్ గుచ్చితే మెదడు మారిపోతుంది. వెలుతురును అలా గుచ్చలేం.

గొంతు కూడా అంతే. 20 వాట్ల స్పీకర్లను కింది అంచులో నేలచూపుగా పెట్టారు. మాట స్టాండు మీద పడి, గోడకు తగిలి, అలిసిపోయి మా దగ్గరకొస్తుంది. ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని బయటికి పంపే దారి) అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టుకే సౌండ్‌బార్ తగిలించాలి. వేరే పోర్టులో పెట్టి “పాట రావట్లేదు” అని టెక్నీషియన్ని పిలిచే ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు తమరి అసలు ధర వేద్దాం. 36,999కి సౌండ్‌బార్ ఆరు వేలు, స్టిక్ ఐదు వేలు, కరెంటు ఒక్కసారిగా ఎగసిపడితే కాచుకోడానికి సర్జ్ ప్రొటెక్టర్ వెయ్యి, సరైన గోడ బ్రాకెట్ మరో వెయ్యి. యాభై వేలు ముట్టింది. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అంటే వడ్డీ లేదని కాదు, ఆ వడ్డీకి సరిపడా మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారని. ఏడాదికి 15 శాతం చొప్పున 12 వాయిదాలనుకుంటే వడ్డీ సుమారు 2,800. దాని మీద 18 శాతం జీఎస్టీ 500 చిల్లర, బ్యాంకువాడి ప్రాసెసింగ్ ఫీజు మాకే. అదే యాభై వేల దగ్గర, వెలుతురు బాగా ఉండి ఊళ్లో సర్వీసు ఉన్న 55 అంగుళాలది దొరుకుతుంటే మా ఓటు దానికే. తెర వైశాల్యంలో తమరు దానికంటే 40 శాతం పెద్ద, ఒప్పుకుంటాం.

కోఠీలోనో, బీసెంట్ రోడ్డులోనో ఏదో ఒక సందులో తమరి దూరపు చుట్టాలు 20 వేలకే 65 అంగుళాలంటూ పిలుస్తుంటారు. వారి మీద ‘4కే సపోర్ట్’ అని ఉంటుంది, ప్యానెల్ మాత్రం 1920×1080, అంటే ఫుల్ హెచ్‌డీయే. పట్టుకోవాలంటే ఒక్క చుక్క మందం గీతలున్న 4కే వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసి ఆడించాలి. గీతలు విడివిడిగా నిలవకుండా బూడిదరంగుగా కలిసిపోతే గుట్టు రట్టయినట్టే. ఫొటోతో పరీక్ష పెట్టొద్దు. చాలా ఆండ్రాయిడ్ టీవీల్లో ఫొటో యాప్ అసలు 4కే ప్యానెల్ మీద కూడా 1080లోనే గీస్తుంది, పాపం నిజమైనదాన్ని దొంగ అనేస్తాం. వెనక స్టిక్కర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ తో మొదలయ్యే నంబరు ఉండాలి. సీరియల్ నంబరు బిల్లులో ఎక్కాలి. బిల్లు తెల్లకాగితం మీద రాసిస్తే వారంటీ కూడా తెల్లకాగితమే.

సర్వీసు గురించి ఒక్కటే పరీక్ష. కొనకముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మా పిన్‌కోడ్ చెప్పి, ప్యానెల్ పోతే ఇంటికొచ్చేది ఎవరు, ఎన్నాళ్లకు అని అడుగుతాం. “రిక్వెస్ట్ రెయిజ్ చేయండి” అన్నదే సమాధానమైతే తమరికో దండం. వారంటీ ఏడాదైనా మూడేళ్లైనా, పగిలిన ప్యానెల్ అందులోకి రాదు.

అంతా కుదిరి, సాయంత్రాలే చూస్తాం, ఎనిమిది అడుగుల దూరం, ఎక్కువ యూట్యూబూ క్రికెట్టూ, ఊళ్లో మెకానిక్ ఉన్నాడు అనుకుంటే తమరు తప్పక రండి. నిలబడే రండి. ఆటోలో పడుకోబెట్టి తెస్తే దారిలో కుదుపులకు పై గాజు కాస్తా సాలెగూడులా చిట్లుతుంది. ఓటీపీ చెప్పేముందు పెట్టె మూలలు చూసి, తెరిపించి, టార్చి ఏటవాలుగా కొట్టి ప్యానెలంతా తడిమి చూస్తాం, చేత్తో కాదు కంటితో. తమరి కాళ్లు రెండు చివర్లకూ ఉంటే వాటి మధ్య దూరం మా టీవీ బల్ల పొడవు దాటుతుందేమో ముందే కొలుస్తాం. గోడ తేలికపాటి ఏఏసీ (గాలిబుడగల సిమెంటు) బ్లాకులదైతే స్క్రూ కోసం దూర్చే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు సరిపోదు, ఆ బ్లాకులకని వచ్చే యాంకర్లే వేయిస్తాం. తమరు ఇరవై కిలోలు, కింద పిల్లలు ఆడుకుంటారు.

బిగించిన రాత్రే పరీక్ష. తెల్ల, నల్ల, ఎర్ర, ఆకుపచ్చ, నీలం తెరలు ఒక్కోటి నిమిషం పెట్టి చచ్చిన చుక్కలు వెతుకుతాం. లైట్లన్నీ ఆపి నల్ల తెరలో మూలల నుంచి వెలుగు కారుతోందా చూస్తాం. తర్వాత బూడిదరంగు, ఆపైన క్రికెట్ మ్యాచ్. కెమెరా మైదానం మీదుగా జరుగుతుంటే పచ్చిక మీద నిలువు మురికి చారలు కదలకుండా నిలబడ్డాయంటే, అవి గ్రౌండువి కావు, తమరివి. చాలాచోట్ల 7 లేదా 10 రోజుల్లోపు, అదీ టెక్నీషియన్ వచ్చి చూశాకే, డబ్బు కాకుండా మరో టీవీ ఇస్తారు. కాబట్టి ఆ గడువు దాకా తమరి థర్మోకోల్ ముక్కలతో సహా పెట్టెను పారెయ్యం. అది అటక మీద పట్టదు, మంచం కింద దూరదు. వచ్చిన చుట్టాలంతా దాన్ని తప్పుకుని నడవాల్సిందే.

ఇట్లు,
టేపు పట్టి గోడ కొలుచుకున్న కొనుగోలుదారులం