లేత ఎండ, వారానికో సాచెట్

కాల్షియాన్ని ఒంటికి పట్టించి ఎముకలను గట్టిపరిచే విటమిన్ డి పేరు తెలియని ఇల్లు ఇప్పుడు అరుదు. మోకాళ్ల నొప్పులన్నా, జుట్టు రాలుతోందన్నా, నీరసమన్నా ‘ఒకసారి డి చూపించుకోండి’ అనే సలహా పక్కింటి నుంచే వస్తోంది. పరీక్షల ప్యాకేజీలు, మందుల దుకాణాలు కలిసి తెచ్చిన చైతన్యమిది. జనానికి పేరు తెలిసినంతగా దాని పనితీరు తెలియకపోవడంలో వింతేముంది?

ఎండ సంగతే చూడండి. పొద్దున్నే లేత ఎండలో నిలబడితే చాలని చాలామంది నమ్మకం. చర్మం ఈ విటమిన్‌ను తయారు చేసుకోవడానికి అతినీలలోహిత బి కిరణాలు కావాలి. సూర్యుడు వాలుగా ఉన్న వేళ అవి చాలావరకు వాతావరణంలోనే ఆగిపోతాయి. మన ప్రాంతంలో ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య ఎండే ఇందుకు అనువైనదని తిరుపతిలోని స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధకులు ఏళ్ల కిందటే తేల్చారు. తెల్లవారు నడక గుండెకు మేలే, డి లెక్కలో మాత్రం దక్కేది స్వల్పం. అద్దాల కిటికీ వెనక కూర్చుంటే ఆ స్వల్పమూ దక్కదు.

అలాగని మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మిట్టమధ్యాహ్నం ఆరుబయట నిలబడమని ఎవరూ చెప్పరు. అయితే ఏడాదంతా మే నెల కాదు కదా! చలికాలంలో భోజన విరామాన కాసేపు చేతులకు, కాళ్లకు ఎండ తగలనివ్వడం కష్టమేమీ కాదు, ఆ విరామం ఉన్నవారికి. ఇంటర్మీడియట్ హాస్టల్ విద్యార్థికి అది లేదు. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలైన రోజు రాత్రి స్టడీ అవర్‌తోనే ముగుస్తుంది. అదీ ఎముకలు గట్టిపడే వయసులో. ఈ పిల్లల గురించి మాట్లాడకుండా లోపాన్ని కేవలం వ్యక్తుల బద్ధకంగా చూపడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఎండ ఒక్కటే సరిపోదన్నదీ తిరుపతి అధ్యయనాల్లోనే ఉంది. పల్లెవాసుల్లో డి స్థాయి పట్టణవాసులకన్నా మెరుగ్గా ఉన్నా, అక్కడా లోపం కనిపించింది. భోజనంలో కాల్షియం తక్కువగా, ధాన్యాల్లో ఉండి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువగా ఉండటాన్ని పరిశోధకులు వేలెత్తి చూపారు.

ఇక మందుల దుకాణాల్లో దొరికే విటమిన్ డి పొడి సాచెట్లు. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దలకు రోజుకు 600 యూనిట్లు కావాలి. ఒక్క సాచెట్‌లో 60,000, అంటే వంద రోజుల కోటా. లోపం తేలినవారికి వైద్యులు కొన్ని వారాల పాటు రాసే మోతాదు అది. గడువు ముగిశాక కూడా పాత చీటీతో కొనుక్కునేవారు ఎందరో. కొవ్వులో కరిగే ఈ విటమిన్ ఒంట్లో నిల్వ ఉంటుంది. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీలకు ముప్పు.

పరీక్షల మోజుకూ ఆధారం సన్నగిల్లింది. రక్తంలో మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల డి ఉండాలని 2011లో చెప్పిన అమెరికా హార్మోన్ నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ, 2024లో ఆ లక్ష్యాన్ని వదులుకుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు మామూలుగా ఈ పరీక్ష వద్దంది. మన ల్యాబ్ రిపోర్టుల్లో చాలావాటికి ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు. మరోవైపు తల్లిపాలు తాగే పసిబిడ్డకు రోజూ వేయాల్సిన 400 యూనిట్ల చుక్కలు ఎన్నో ఇళ్లలో మధ్యలోనే ఆగిపోతున్నాయి.

ఆటల పీరియడ్‌ను చలికాలంలోనైనా సాయంత్రం నుంచి మధ్యాహ్న భోజనానికి ముందుకు జరపడానికి విద్యాశాఖకు బడ్జెట్ అక్కర్లేదు. ఒక ఉత్తర్వు, హాస్టళ్లలో దాన్ని తనిఖీ చేసే అధికారి ఉంటే చాలు.