కెమెరా కాదు కదా అంటే సరిపోతుందా?

బెంగళూరు మారతహళ్ళిలో మన తెలుగు అమ్మాయిలు ఎక్కువగా ఉండే ఒక లేడీస్ పీజీలో గదుల పైకప్పుకు తెల్లటి డబ్బాలు బిగించారు. అరచేతిలో ఇమిడేంత, లెన్స్ లేదు, లైటు లేదు. అడిగితే ఓనరుగారి జవాబు ఒక్కటే: "కెమెరా కాదమ్మా, కరెంటు ఆదా చేసే సెన్సర్." ఆయన ఫోన్లో మాత్రం ఏ మంచం మీద మనిషి ఉన్నారో, రాత్రి ఎన్నింటికి లేచారో వరసగా కనిపిస్తోంది.

కెమెరా కాదు, నిజమే. రాడార్. 60 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఈ చిప్పులకు చీకటి, దుప్పటి, ప్లాస్టిక్ మూత ఏవీ అడ్డం కావు, ఛాతీ కొద్ది మిల్లీమీటర్లు లేచి దిగడాన్ని పట్టుకుని ఊపిరి లెక్కపెట్టేస్తాయి, కదలకుండా పడుకుంటే గుండె కూడా దొరుకుతుంది. బాత్రూంలో జారిపడ్డ ముసలివాళ్లను కాపాడుతుందంటారు, కాదనం. కానీ పాతికేళ్ల పిల్లల మంచం మీద దానికేం పని?

వైఫైదీ ఇదే కథ. గోడ అవతలి మనిషి కదలికను వైఫై తరంగాలతో పసిగట్టొచ్చని అమెరికాలోని ఎంఐటీ వాళ్లు 2013లోనే చూపించారు. దీనికి మీ పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. ఎన్‌క్రిప్షన్ కాపాడేది మీ మెసేజ్‌ని, మీ ఒంటికి తగిలి చెదిరిన తరంగాన్ని కాదు, పక్కగదిలో రిసీవర్ పెట్టుకున్నవాడికి ఆ చెదురే చాలు.

2019లో గూగుల్ వాళ్ల పిక్సెల్ 4 ఫోను మన దేశానికి రాలేదు, అందులోని బుల్లి రాడార్‌కు ఆ 60 గిగాహెర్ట్జ్ అనుమతి లేకనే. అదీ స్పెక్ట్రం పట్టింపే తప్ప గోప్యత మీద ప్రేమ కాదనుకోండి. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో 9 మంది న్యాయమూర్తులు తేల్చిన కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో పనిచేసినవారే. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, నియమాలు 2025 నవంబరు దాకా రాలేదు, వచ్చాక కూడా అసలు బాధ్యతలకు 18 నెలల గడువు. ఈలోగా డబ్బాలు బిగించేవాళ్లకు గడువూ లేదు, అడిగేవాళ్లూ లేరు.

ఫొటో తీయకపోతే తొంగిచూసినట్టు కాదా? కెమెరా పెడితే పోలీసులొస్తారని తెలిసి, కెమెరా చేసే పనే ఇంకోదానితో చేయించుకుంటూ "కెమెరా కాదు కదా" అనడం తెలియక కాదు, తెలిసే.

అంత నిరపాయమైనదైతే ఓనరుగారూ, మీ పడకగదిలో ఒకటి బిగించి, ఆ యాప్ మీ పీజీ పిల్లలకు ఇవ్వండి. కెమెరా కాదు కదా!