తెలియకపోవడం అనే పెట్టుబడి

భాగస్వామ్య వ్యాపారంలో డబ్బు పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది గానీ, ఆ వ్యాపారం గురించి ఏమీ తెలియకుండా ఉండడానికి ఏళ్ల తరబడి సాధన కావాలి. ఈ విద్యలో మనవారి ప్రావీణ్యానికి తగిన గుర్తింపు రాలేదన్నదే నా ఆవేదన.

నేనెరిగిన ఒక రైస్ మిల్లుకు నలుగురు భాగస్వాములు: మామగారు, అల్లుడు, అల్లుడి వదినగారు, వారందరికీ కావలసిన ఒక కాంట్రాక్టరు. దసరాకు ఆయుధపూజలో నలుగురి గోత్రనామాలూ చదివించారు. మార్చి నెలాఖరున లాభం పంచుకున్నప్పుడు ఎవరి వాటా ఎంతో పైసలతో సహా నలుగురికీ తెలుసు. ఆ తరువాత ఒకనాడు, తొడుగు లేని ఎలివేటరు బెల్టులో పడి ఒక హమాలీ రెండు వేళ్లు తెగిపోయాయి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చి యజమాని ఎవరని అడిగేసరికి, మామగారు తాను పెద్దరికానికే ఉన్నానన్నారు, అల్లుడు ధాన్యం కొనుగోలు తప్ప మరొకటి చూడనన్నాడు, వదినగారి పేరు ఆదాయపు పన్ను నిమిత్తం వాడుకున్నారట, కాంట్రాక్టరుగారి ఫోను స్విచ్ఛాఫ్. హాజరుపట్టీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాడు గుమాస్తా ఒక్కడే.

ఇంతటి వినయసంపన్నుల పట్ల 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మహా మోటుగా ప్రవర్తించింది. భాగస్వామ్య సంస్థ అయితే భాగస్వాముల్లో ఏ ఒక్కరినైనా ‘ఆక్యుపయర్’గా, అంటే ఫ్యాక్టరీ మీద అంతిమ అజమాయిషీ గలవారిగా, ఎంచవచ్చునంది. నేరం రుజువైతే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండేవి. నాకు తెలియదు మహాప్రభో అంటే సరిపోయేది కాదు. తాను తగిన శ్రద్ధ తీసుకున్నాననీ, అసలు తప్పు చేసింది ఫలానావాడనీ కోర్టులో నిరూపించాల్సి వచ్చేది. అంత శ్రద్ధే ఉంటే బెల్టుకు తొడుగే వేయించి ఉండేవారు కదా!

పీఎఫ్ విషయంలో చట్టం కొంత నయం. జీతంలో కోసిన సొమ్ము జమ కాకపోతే, అప్పట్లో వ్యాపార నిర్వహణ ఎవరి చేతిలో ఉందో ముందుగా వారిని పట్టుకుంటుంది. తనకు తెలియకుండా జరిగిందని నిరూపించుకున్నవారిని వదిలేస్తుంది. కాబట్టి ఒప్పంద పత్రంలోనే ‘భాగస్వాములు లాభం అంకె తప్ప మరేదీ తెలుసుకోరాదు’ అని ఒక షరతు రాసుకోవడం మంచిదని నా సవినయ సూచన.

పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఈ బాధను కాస్త అర్థం చేసుకున్నాయి. కూలి తక్కువ ఇచ్చిన మొదటి తప్పుకు వేతనాల కోడ్‌లో జైలు లేదు. గరిష్ఠ జరిమానా 50,000 రూపాయల్లో సగం కట్టి రాజీ పడవచ్చు. అంటే 25,000. నలుగురూ పంచుకుంటే తలా 6,250. ఆయుధపూజనాటి భోజనాలకే అంతకన్నా ఎక్కువైంది. అయితే ఆక్యుపయర్ అన్న బెడద మాత్రం కొత్త భద్రతా కోడ్‌లోకి కూడా వెంటబడి వచ్చింది.

గుమాస్తానే ఆక్యుపయర్‌గా చూపిద్దామని మామగారు అన్నారట. కుదరదన్నారు ప్లీడరుగారు. కంపెనీ అయితే డైరెక్టరే ఆక్యుపయర్ కావాలి, ఉద్యోగి పనికిరాడని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చిందనీ, భాగస్వామ్య సంస్థకు భాగస్వామే కావాలనీ ఆయన వివరించారు. నలుగురూ తలలు పట్టుకుని ఆలోచించి, పదహారేళ్ల సర్వీసులో ఏనాడూ జీతం పెంచమని నోరు తెరిచి అడగని ఆ గుమాస్తాకు 1 శాతం వాటా ఇవ్వాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. కొత్త పత్రం సిద్ధమైంది. అతను సంతకం పెట్టవలసిన చోట అల్లుడుగారు పెన్సిలుతో టిక్కు పెట్టి ఉంచారు.